మజూసీల చరిత్రకు ఒకే తూనిక

జంషీద్ చోక్సీ ఆంగ్లంలో రచించిన 'కాన్‌ఫ్లిక్ట్ అండ్ కోఆపరేషన్' గ్రంథం 1997లో న్యూయార్కు నుండి వెలువడినది. 7వ శతాబ్దిలో సాసానీ సామ్రాజ్యం కూలిన పిదప జరతుష్ట్ర మతస్థులు, అనగా మజూసీలు, ముస్లిం పాలనలో ఎట్లు జీవించారనునది ఇందలి విషయం. ఇస్లాం కేవలం ఖడ్గబలంతో వ్యాపించిందనే వాదం గాని, ఎవరికీ ఏ కష్టమూ కలుగలేదనే వాదం గాని దీని ముందు నిలువవు. ముస్లిం పాఠకులు దీనిని చదువవలసినది అందుకే.

రాజ్యం పోయినంతనే మతం పోలేదనీ, ముందు పట్టణాలు, చాలాకాలానికి పల్లెలు ఇస్లాంను స్వీకరించాయనీ గ్రంథకర్త సిద్ధాంతం. ఇది సమంజసమే. మజూసీల నుండి జిజియా తీసుకొనుటకు హజ్రత్ ఉమర్ (ర) మొదట అంగీకరించలేదు. హజర్ మజూసీల నుండి దైవప్రవక్త (స) దానిని స్వీకరించారని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) సాక్ష్యమిచ్చిన పిదపనే ఒప్పుకొన్నారని బుఖారీలో ఉన్నది. అయితే వారి స్త్రీలను వివాహమాడుటకు, వారు జబహ్ చేసిన మాంసం తినుటకు ఫుఖహాలలో అత్యధికులు అనుమతించలేదు. రక్షణ లభించినది, సమానత్వం లభించలేదు. ఈ రెండవ మాటను ముస్లిం వ్యాసకర్తలు తరచుగా దాటవేస్తారు.

ఇచ్చిపుచ్చుకొనుట మాత్రం ఆగలేదు. హజ్జాజ్ కాలం వరకు ఇరాఖ్ దీవాను లెక్కలు పారసీలోనే సాగాయి. మజూసీ కుటుంబంలో పుట్టి ఇస్లాం స్వీకరించిన ఇబ్నుల్ ముఖఫ్ఫా 8వ శతాబ్దిలో పహ్లవీ నుండి 'కలీలా వ దిమ్నా'ను అరబ్బీలోకి తెచ్చాడు. దాని మూలం తెలుగువారెరిగిన పంచతంత్రమే.

గ్రంథంలో లోపం ఉపశీర్షికలోనే ఉన్నది. మజూసీలను అణగినవారుగా, ముస్లింలను అధికారులుగా అది విభజిస్తుంది. కాని పన్ను వసూలు చేసిన దిహ్ఖానులను ఎటు చేర్చాలి? మతం మారకముందు కూడా పల్లెలో వారే పెత్తందార్లు. రైతు గోడు అరబ్బీ చరిత్రలలోను, పహ్లవీ అర్చకుల గ్రంథాలలోను వినబడదు.

హైదరాబాదు పార్శీలను చూపి ఈ చిక్కును తీర్చబోయేవారున్నారు. సికింద్రాబాదులో 1847 నాటి అగ్న్యాలయం, నిజాం కొలువులో ఫరీదూన్ ముల్క్ పొందిన గౌరవం వారి సాక్ష్యాలు. సాక్ష్యాలు నిజమే, పోలిక సరికాదు. ఇక్కడి పార్శీలు వ్యాపారానికీ, ఉద్యోగానికీ వచ్చినవారు. ఇరాన్ మజూసీలు సొంత గడ్డ మీద ఓడిపోయినవారు.

ఎల్.బి.నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో మెట్రో ఎక్కిన విద్యార్థి నాంపల్లిలో దిగితే, తిలక్ రోడ్డులో 1904లో కట్టిన అగ్న్యాలయం దగ్గరలోనే ఉన్నది. ఇతర మతస్థులకు లోనికి ప్రవేశం లేదు. ఆ గడప వద్ద ఆగినవాడు తనను తాను ప్రశ్నించుకోవచ్చును: తాను అల్పసంఖ్యాకుడైన చోట కోరే న్యాయాన్ని, తన పూర్వులు ఏలిన చోట ఇతరులకు లభించినదా అని అడుగుటకు జంకవలెనా? ఖురాన్ ఆజ్ఞాపించిన న్యాయానికి రెండు తూనికలు లేవు.