ధైర్యం చెప్పే పాట: మూడు సినీగీతాల పరిశీలన

కష్టకాలంలో మనిషిని ఊరడించి, తిరిగి లేచి నిలబడమని చెప్పే పాటలను ప్రబోధ గీతాలు అంటాం. తెలుగు సినిమాలో వీటికి పెద్ద సంప్రదాయమే ఉంది. సినిమా కథ మరచిపోయినవారికి కూడా ఇవి గుర్తుంటాయి. అయితే ధైర్యం చెప్పే ప్రతి పాటా ధైర్యం ఇవ్వగలదా? ఈ ప్రశ్నతో మూడు పాటలను పరిశీలిద్దాం. మొదటిది ‘వెలుగునీడలు’ (1961) చిత్రానికి శ్రీశ్రీ రాయగా, పెండ్యాల సంగీతంలో ఘంటసాల పాడినది. రెండవది ‘పట్టుదల’ (1992)లో సిరివెన్నెల సీతారామశాస్త్రి రచన. ఇళయరాజా సంగీతంలో ఏసుదాసు పాడారు. మూడవది ‘నా ఆటోగ్రాఫ్’ (2004)లో చంద్రబోస్ రచన. కీరవాణి సంగీతంలో చిత్ర పాడారు.

దుఃఖానికి చోటు

శ్రీశ్రీ పాట కన్నీటిని కాదనదు. బ్రతుకు విలువైనదని చెబుతూనే, దానిని కన్నీటికి బలిచేయవద్దని బ్రతిమాలుతుంది. అంటే ఎదుటి మనిషి ఏడుస్తున్నాడని ముందు గుర్తిస్తుంది. చంద్రబోస్ పాట కూడా దూరం ఎక్కువగా ఉందన్న దిగులును ఒప్పుకొని, ఆ తర్వాతే దారి చూపిస్తుంది. సిరివెన్నెల పాట ఇందుకు భిన్నం. అది మొదటి మాట నుంచే ఓటమిని తిరస్కరిస్తుంది. పరీక్ష తప్పిన విద్యార్థికి, పంట పోయిన రైతుకు మొదటి రోజున శ్రీశ్రీ పాట దగ్గరగా అనిపిస్తుంది. మళ్లీ ప్రయత్నం మొదలుపెట్టే రోజున సిరివెన్నెల పాట పనికి వస్తుంది. కాబట్టి ఈ తేడాను లోపంగా కాక, సందర్భ భేదంగా గ్రహించాలి.

ఉపమానాలు ఏం చెబుతున్నాయి?

మూడు పాటలూ ప్రకృతినీ పురాణాన్నీ ఆశ్రయించాయి. సిరివెన్నెల పాటలో ఆకాశం ముందు గువ్వపిల్ల రెక్క, సముద్రం ముందు చేపపిల్ల మొప్ప నిలబడి గెలుస్తాయి. ఎంత చిన్న ప్రాణికైనా స్వశక్తి ఉందన్నది ఇక్కడి భావం. గువ్వ ఒంటరిగానే ఎగురుతుంది, చేప ఒంటరిగానే ఈదుతుంది.

శ్రీశ్రీ పాటలోని పూలతీగ అలాంటిది కాదు. గాలికి నేలవాలిన తీగ తనంతట తాను లేవలేదు. ఎవరో చేరదీయాలి, నీరు పోయాలి. అప్పుడే చిగురిస్తుంది. పడిపోయినవారు లేవడానికి మరొకరి చేయి అవసరమన్న సత్యం ఈ ఒక్క ఉపమానంలో ఉంది. అదే పాట చివరకు వచ్చేసరికి, ఏదీ తనంతట తాను దరిచేరదనీ, శోధించి సాధించాలనీ అంటుంది. ముందు ఆసరా, తర్వాత ప్రయత్నం: ఈ క్రమమే పాటకు బలం.

చంద్రబోస్ సాగర మథనాన్ని తీసుకున్నారు. ముందు విషం పుట్టినా, విసుగు చెందక చిలికితే అమృతం వచ్చిందని ఓర్పును బోధించారు. ఆ కథలో చిలికినవారు ఒకరు కాదు, దేవదానవులందరూ. పాట ఈ సంగతిని వాడుకోలేదు.

పిలుపులోని తేడా

చంద్రబోస్ శ్రోతను ‘నేస్తమా’ అంటారు. ఆడామగా ఎవరికైనా సరిపోయే పిలుపు అది. సిరివెన్నెల పాటలో ప్రతి మాట చివరా వినిపించే ‘రా’లో చనువు, హెచ్చరిక రెండూ ఉన్నాయి. అది మగవారిని పిలిచే రూపమే అయినా, పాటను కూనిరాగంగా పాడుకునేటప్పుడు ఎవరి మనసుకు వారు చెప్పుకునే మాటగా మారుతుంది. స్త్రీలు కూడా దీనిని తమ పాటగా పాడుకోవడానికి ఇదొక కారణం కావచ్చు.

పరిమితి

చెమట చిందిస్తే నుదుటి రాత మారుతుందని చంద్రబోస్ పాట చెబుతుంది. సోమరితనాన్ని వదిలించడానికి ఇది మంచి మాట. కాని రోజంతా చెమటోడ్చినా రాత మారని కూలీ ఈ పాట వింటే ఏమనుకోవాలి? తన శ్రమ చాలలేదనుకోవాలా? తాజమహల్‌కు రాళ్లెత్తిన కూలీలెవరని ‘మహాప్రస్థానం’లో అడిగిన కవి శ్రీశ్రీయే. అక్కడ కష్టానికి సామాజిక కారణాన్ని వెతికిన కవి, సినీగీతంలో ఒక్క మనిషిని ఓదార్చవలసి వచ్చింది. ప్రబోధ గీతం మనసును నిలబెడుతుందే గాని, కష్టానికి కారణాన్ని తొలగించదు. ఓడినవారిదే తప్పు అన్న భావం కలిగిస్తే మాత్రం అది ఓదార్పు కాకుండా నిందగా మారుతుంది.

సారాంశం

మంచి ప్రబోధ గీతం ముందు బాధను గుర్తిస్తుంది, తర్వాత ప్రయత్నానికి పురికొల్పుతుంది. ఈ కొలతతో చూస్తే మూడింటిలో శ్రీశ్రీ పాట సమగ్రమైనది. సిరివెన్నెల పాట ఉత్సాహంలోనూ, చంద్రబోస్ పాట స్నేహభావంలోనూ మిన్న.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పూలతీగ, గువ్వపిల్ల ఉపమానాల మధ్య భేదాన్ని వివరించండి.
2. మీకు ధైర్యమిచ్చిన ఒక పాటను పై కొలతతో సమీక్షించండి.