సెక్యూర్ బూట్ ఆపకండి

"లినక్స్ వేస్తున్నావా? ముందు సెక్యూర్ బూట్ ఆపెయ్." సెక్యూర్ బూట్ అంటే మెషీన్ లేచేటప్పుడు నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాంలనే నడవనిచ్చే కాపలా. ఉబుంటు 2012 నుంచే దానితో నడుస్తోంది, అయినా ఈ సలహా మాత్రం చావలేదు. ఒకే మెషీన్‌లో విండోస్, ఉబుంటు రెండూ వాడేవాడిగా నేను చెప్పేది ఒకటే: ఆపకండి. ఇప్పటికే ఆపి ఉంటే ఆన్ చేయండి. అయితే దానికి ముందు బిట్‌లాకర్ రికవరీ కీ రాసిపెట్టుకోండి.

కీ అంటే 48 అంకెలు. కొత్త లాప్‌టాప్‌లు చాలావాటిలో మనం అడక్కుండానే విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్, అంటే బిట్‌లాకర్, ఆన్ అయి ఉంటుంది. దాని తాళం టీపీఎం చిప్ కాపలాలో ఉంటుంది. బయాస్‌లో సెక్యూర్ బూట్ అటూ ఇటూ మార్చామా, ఎవరో చెయ్యిపెట్టారని అనుమానించి చిప్ తాళం ఇవ్వదు. విండోస్ ఆ అంకెలు అడుగుతూ కూర్చుంటుంది. ఆ కీని అదే లాప్‌టాప్‌లో ఫైలుగా దాచుకునే మహానుభావులున్నారు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నట్టే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసుకోండి. బిట్‌లాకర్‌ను కాసేపు సస్పెండ్ చేసి, అప్పుడు బయాస్‌లోకి వెళ్లండి.

ఉబుంటు వైపు పెద్ద తంటా లేదు. షిమ్ అనే చిన్న ప్రోగ్రాం మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది. షిమ్ గ్రబ్ అనే బూట్‌లోడర్‌ను, గ్రబ్ కెర్నెల్‌ను సరిచూసుకుంటాయి. లినక్స్ లేవడానికి మైక్రోసాఫ్ట్ సంతకమేమిటని చిరాకుపడేవాళ్లున్నారు. ఆ చిరాకు న్యాయమే, నాకూ ఉంది. ఎన్‌విడియా డ్రైవర్ వేసినప్పుడు మాత్రం ఉబుంటు ఒక పాస్‌వర్డ్ పెట్టమనొచ్చు. అప్పుడు రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. పది సెకన్లలో ఏ మీటా నొక్కకపోతే తెర దానంతటదే వెళ్లిపోతుంది, డ్రైవర్ లోడ్ కాదు.

ఇక అప్‌డేట్ల సంగతి. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి, లోపాలున్న పాత లినక్స్ బూట్‌లోడర్లను సెక్యూర్ బూట్‌లో అడ్డుకునే జాబితాను మెషీన్లలోకి ఎక్కించింది. డ్యూయల్ బూట్ ఉన్నచోట ఎక్కదని మైక్రోసాఫ్ట్ చెప్పింది, ఎక్కింది. చాలామందికి లినక్స్ లేవలేదు. తప్పు మైక్రోసాఫ్ట్‌దే. కానీ షిమ్ పాతబడితే ఇలాంటి దెబ్బ రేపు మళ్లీ తగులుతుంది. ఉబుంటు అప్‌డేట్లను నెలల తరబడి వాయిదా వేస్తున్నవాళ్లు ముందు అవి పూర్తిచేయండి, బయాస్ జోలికి తర్వాత వెళ్లొచ్చు.