ప్లేటు మీద ఐదు హెచ్‌పీ

కొని ఏడాది తిరగలేదు, యాసంగి నడుమ మోటరు కాలిపోయింది. ఆటోలో వేసుకుని బాన్సువాడలో వైండింగ్ షాపుకు పట్టుకుపోయాను. కాలిన వార్నిష్ వాసన గడపలోనే ముక్కుకు తగిలింది.

నేమ్‌ప్లేటు మీద 5 హెచ్‌పీ, 3.7 కిలోవాట్లు అని మెరిసే అక్షరాలున్నాయి. మెకానిక్ అటు చూడనైనా లేదు. నల్లబడ్డ చుట్టలోంచి బెత్తెడు తీగ కత్తిరించి, అగ్గిపెట్టి ఎనామిల్ కాల్చి, గుడ్డతో తుడిచి, మైక్రోమీటరులో పెట్టి మెల్లగా తిప్పాడు.

"గీ మోటరుకు 20 గేజి పడాలె సార్. 21 చుట్టిండ్రు."

గేజి అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. 20 గేజి 0.914 మిల్లీమీటర్లు, 21 గేజి 0.813. తేడా వెంట్రుక మందం. కానీ ఆ వెంట్రుకలోనే రాగి ఐదోవంతు తగ్గిపోతుంది. అదే కరెంటుకు తీగలో వేడి పావు వంతు పైనే పెరుగుతుంది. పైనుంచి చూస్తే మాత్రం అదే రంగు, అదే బరువైన ఇనుప డొక్క.

తప్పంతా తయారుచేసినవాడిదే అనను. లో వోల్టేజీ మా ఊళ్లో కొత్త కాదు. అంకెల్లో కొన్ని ఉత్త పేర్లు కూడా. ఇంటి వైరింగుకు కొనే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరునే చూడండి. మన ప్రమాణాల్లో దాన్ని తేల్చేది స్కేలు కాదు, కిలోమీటరుకు ఇన్ని ఓములు దాటకూడదన్న నిరోధం లెక్క. పేరు పేరే, పని పనే. ఆ రెంటి మధ్య సందులో ఎవరు ఎంత రాగి మిగుల్చుకుంటారో కొనేవాడికి కనిపించదు.

అసలు కాలువ కింది మా పొలానికి మోటరెందుకు? మా నిజాంసాగర్‌ను అడగాలి. నిజాం కాలపు ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ గీసిన ప్రాజెక్టు, 1931లో పూర్తయింది. కట్టిననాడు 29.7 టీఎంసీలు, 2.75 లక్షల ఎకరాలు. మంజీర నది తెచ్చిన పూడిక ఏళ్లకేళ్లు అడుగున పేరుకుంది. తర్వాత నీటిమట్టం పెంచినా ఇవాళ లెక్క 17.8 టీఎంసీలే. ఎగువన సింగూరు డ్యామ్ వచ్చింది. కాలువ చివరివాళ్లు బావుల మీద, బోర్ల మీద పడ్డారు. ఒక్క మాట చెప్పాలి: రోజూ పేపర్లో వేసే నీటిమట్టం పట్టికలో నిజాంసాగర్ పూర్తి సామర్థ్యం 17.8 అనే ఉంటుంది. పాత గొప్ప చెప్పుకోదు. మోటరు ప్లేటుకు ఆ సిగ్గు లేదు.

"అయితే 20 గేజే చుట్టన్నా, రాగి ఎంతయితే అంత" అన్నాను.

మెకానిక్ స్టేటరు నా వైపు తిప్పి, స్లాట్‌లో చిటికెన వేలు గోరు పెట్టి చూపించాడు. "పట్టది సార్. స్లాటే చిన్నగ కొట్టిండ్రు. అన్ని చుట్లు 20ల ఎక్కవు."

మళ్లీ 21 గేజే చుట్టాడు. ఎన్ని చుట్లో తన నోటుబుక్కులో రాసుకున్నాడు, పాత రాగిని తూకం వేసి బిల్లులో తగ్గించాడు. ప్లేటు బిగించాలా అని అడిగితే, నీ ఇష్టమన్నాను. 2018 జనవరి నుంచి పొలాలకు 24 గంటల కరెంటని సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. ఆటోలోకి ఎక్కిస్తూ మెకానిక్ అన్నాడు:

"నాలుగు గంటలు నడిపి, చల్లారనియ్యి. చెయ్యి పెట్టి చూసినంక మళ్ల వెయ్యి సార్."