పాఠశాలలో సంగీతం - ఎవరి కోసం?

మన ఉన్నత పాఠశాలల్లో సంగీతం వున్నదా అని అడిగితే, వున్నదనేవారు సాధారణంగా రెండు సాక్ష్యాలు చూపుతారు: పొద్దున ప్రార్థన గీతం, ఏడాదికొకసారి వార్షికోత్సవం. ఈ రెండింటికీ కావలసింది మంచి గొంతుగల అయిదారుగురు పిల్లలు. వాళ్లను ఏరుకోవటం ఒక పూట పని. ఏరగా మిగిలినవారంతా చప్పట్లు కొట్టేందుకు పనికివస్తారు. దీన్ని ఎంపిక అనవచ్చు గాని బోధన అనటానికి వీల్లేదు. లెక్కలు ముందే వచ్చిన అయిదుగురిని ఏరి, సభలో వాళ్లచేత లెక్కలు చేయించి, తక్కినవారిని కూర్చోబెట్టే మనిషిని ఎవరూ లెక్కల మాష్టారు అనరు. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇదే పద్ధతి అందరికీ సహజంగా కనిపిస్తుంది.

అలా కనిపించటానికి కారణం వుంది. సంగీతం పుట్టుకతో రావాలనే నమ్మకం మనలో బలంగా వుంది. ఇంట్లో తంబుర శ్రుతి వింటూ పెరిగిన పిల్లవాడు బడిలో చేరేనాటికే ఏళ్ల తరబడి పాఠం పూర్తిచేసి వుంటాడు. దాన్ని మనం ప్రతిభ అంటాం. నాట్లు వేసే తల్లి వెంట పొలానికి వెళ్లి, ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాట వింటూ పెరిగిన పిల్ల కూడా పాఠం పూర్తిచేసే వస్తుంది. ఆ పాఠాన్ని బడి లెక్కలో వేసుకోదు. ప్రతిభ అనే మాట ఈ విధంగా ఆస్తి అనే మాటకు మారుపేరుగా చెలామణీ అవుతున్నది.

కనక తరగతిలో చేయించే సంగీత కార్యక్రమం ఏదైనా సరే, నేను రెండు ప్రశ్నలు వేసి చూస్తాను. తరగతిలో వున్న నలభైమందికీ అందులో పని వున్నదా? నిన్న చేయలేని పనిని ఆ పిల్లలు ఇవాళ చేయగలుగుతున్నారా? ఈ రెంటికీ అవుననే జవాబు రాకపోతే ఆ కార్యక్రమం ఎంత ముచ్చటగా వున్నా చదువు కిందికి రాదు.

మనకు సిద్ధంగా వున్న పద్ధతి గురుకులానిది. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు - ఈ క్రమాన్ని పురందరదాసు ఏర్పరచాడని సంప్రదాయం చెబుతుంది. ఒకే వరుసను మూడు కాలాల్లో పాడించటం గొప్ప సాధన. అయితే దాని బలమంతా గురువు చెవిలో వుంది. ఎదుట కూర్చున్న ఒక్క శిష్యుడి రిషభం కాస్త హెచ్చితే గురువు అక్కడికక్కడే పట్టుకుంటాడు. ముప్పావుగంట పీరియడులో నలభైమంది చేత అదే వరుస పాడిస్తే తప్పు పాడేవాడు పక్కవాడి గొంతులో దాక్కుంటాడు. నెల తిరిగేసరికి తప్పే వాడికి అలవాటవుతుంది. ఇందుకు పద్ధతిని నిందించి లాభం లేదు. ఒక నేలకు కుదిరిన పైరును మరొక నేలలో వేసి, పండలేదని విత్తనాన్ని తిట్టినట్టుంటుంది. నలభైమందికి తగిన పద్ధతి వేరే కావాలి.

అలాంటి పద్ధతిని పట్టుదలతో నిర్మించిన దేశాల్లో హంగరీ ఒకటి. అక్కడి స్వరకర్త జోల్తాన్ కొదాయ్, తన మిత్రుడు బేలా బార్తోక్‌తో కలిసి 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో పల్లెలు తిరిగి, రైతుల పాటలను ఫోనోగ్రాఫు మీద ఎక్కించాడు. 1906లో ఇద్దరూ కలిసి ఇరవై పాటల సంపుటం ప్రకటించారు. ఆ తరవాత కొదాయ్ దృష్టి పిల్లల వైపు మళ్లింది. బడుల్లో పాడించే పాటలు ఎంత నాసిగా వున్నాయో 1929లో ఒక వ్యాసంలో తీవ్రంగా విమర్శించాడు. రాజధానిలోని సంగీత నాటకశాలను ఎవరు నడుపుతున్నారనేదానికన్నా ఒక చిన్న వూరి బడిలో పాట ఎవరు నేర్పుతున్నారనేది ముఖ్యమైన సంగతని అతని వాదం. 1950లో అతను పుట్టిన వూరు కెచ్‌కెమేత్‌లో, రోజూ సంగీత పాఠం వుండే మొదటి ప్రాథమిక పాఠశాల వెలిసింది. 1967లో అతను చనిపోయేనాటికి అలాంటి పాఠశాలలు వందకు పైగా వున్నాయి.

అప్పటి హంగరీ ప్రభుత్వం కళలను ఆజ్ఞలతో నడపజూసిందన్న సంగతిని మనం దాచుకోవలసిన అవసరం లేదు. ఆ ఆజ్ఞలు పోయాయి, ఆ ప్రభుత్వమూ పోయింది. ఈ పద్ధతి నిలిచింది. 2016లో యునెస్కో దీన్ని జానపద సంగీత రక్షణకు ఆదర్శమైన విధానాల పట్టికలో చేర్చింది. నిలవటానికి కారణం ఆ తరగతి గదిలో జరిగే పనిలో వుంది.

ఆ పని ఇలా సాగుతుంది. ముందు పిల్లలు పాట విని పాడతారు. తరవాత దాని నడకను చప్పట్లతో వేస్తారు. ఏ స్వరం పైన వుంది, ఏది కింద వుంది అని చేతితో చూపుతారు. ఇదంతా అయ్యాకనే ఆ స్వరానికి పేరు చెబుతారు. పేరు తరవాత రాత. అనుభవం ముందు, సంజ్ఞ వెనక. స్వరానికొక చేతి గుర్తు వుంది. ఈ గుర్తులు కొదాయ్ కల్పించినవి కావు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ అనే మతబోధకుడు, సంగీత విద్యకు నోచుకోని సామాన్యుల చేత బృందగానం చేయించటానికి వాడినవి. ఉపాధ్యాయుడు కుడిచేత్తో ఒక గుర్తు, ఎడమచేత్తో ఒక గుర్తు చూపితే తరగతి రెండు పాయలుగా పాడుతుంది. మరొక పని నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. పాడుతున్న తరగతి ఉపాధ్యాయుడి సైగతో గొంతు ఆపేస్తుంది. పాట మాత్రం మనసులో నడుస్తూనే వుంటుంది. మళ్లీ సైగ చేయగానే అందరూ సరిగ్గా ఆ చోటునుంచి అందుకోవాలి. పక్కవాడి గొంతులో దాక్కునేవాడికి ఇక్కడ చోటు లేదు. వాద్యం కొననక్కరలేదు, రుసుము కట్టనక్కరలేదు. మనిషికి వున్న గొంతే పనిముట్టు.

ఇదంతా విని, పరాయి దేశపు సరుకును దిగుమతి చేసుకోమంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కొదాయ్ పద్ధతికి వెన్నెముక, మొదటి స్వరం ఫలానా ఎత్తునే వుండాలన్న నియమం లేకపోవటం. ఎవరి గొంతుకు అనువైనచోట వారు దాన్ని నిలుపుకోవచ్చు. మన ఆధార షడ్జమం సరిగ్గా ఇదే. యూరప్ బడులు కష్టపడి తెచ్చుకున్న సదుపాయం మనకు తరతరాలుగా వుంది. దాన్ని తరగతిలో వాడటమే లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. మోహన రాగానికి అయిదు స్వరాలు: స రి గ ప ద. తరగతి సగం ఈ వరుసను పాడుతూ కింది దైవతం మీద ఆగాలి. మిగతా సగం ఆ దైవతాన్నే కొత్త షడ్జమంగా పట్టుకుని, అవే అయిదు ధ్వనులను అక్కడినుంచి ఎక్కాలి. ఒక్క ధ్వనీ మారలేదు; రాగం మారిపోయింది. అది శుద్ధ ధన్యాసి. విద్వాంసులు గ్రహభేదమనే పెద్ద పేరు పెట్టుకున్న ఈ సంగతి తొమ్మిదో తరగతి పిల్లలకు పది నిమిషాల్లో చెవిని పడుతుంది. కొదాయ్, బార్తోక్‌లు సేకరించిన పాత హంగరీ పాటలు చాలావాటిలో వుండే అయిదు స్వరాల మెట్లు కూడా ఈ రెండో వరుసవే. ఒక దేశపు రైతు పాటకూ మరొక దేశపు రాగానికీ మధ్య వున్న దూరమెంతో పిల్లలు తమ గొంతులతోనే కొలిచి చూస్తారు.

లయ విషయంలో మన తెలుగు మాష్టార్లు సగం పని ఇదివరకే చేసి పెట్టారు. ఉన్నత పాఠశాలలో ప్రతి పిల్లవాడూ గురులఘువులు గుర్తిస్తాడు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని అప్పగిస్తాడు. మార్కులు పడతాయి. ఆ మాత్ర చెవికి వినపడే కాలమన్న సంగతి మాత్రం వాడికి ఎవరూ చెప్పరు. గురజాడ 1910లో ప్రకటించిన ముత్యాల సరాల నడక మూడు, నాలుగు మాత్రల కలయిక. మన సంగీతంలో మిశ్రచాపు తాళం నడక కూడా మూడు, నాలుగే. తరగతిలో సగం మంది మూడు-నాలుగు చరుస్తూ వుంటే మిగతా సగం ఆ ఛందస్సులోని పద్యాన్ని చదవాలి. తరవాత ఎవరి వూరి పాట వారు తెచ్చి, అదే విధంగా చరిచి చూడాలి. అప్పుడొక తగువు వస్తుంది. కాగితం మీద లఘువైన అక్షరాన్ని పాట రెండు మూడు మాత్రలు సాగదీస్తున్నది. తప్పు పాటదా, ఛందస్సుదా? ఈ తగువు తెగేలోగా, పుస్తకంలోని లక్షణం ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో పిల్లలకు తెలిసిపోతుంది. సంగీత పాఠమూ సాహిత్య పాఠమూ ఒకేసారి నడిచాయన్నమాట.

అలాగని కొదాయ్‌ను తలకెత్తుకోవాలని నేననను. అతని పద్ధతిలో ఒక లోపం వుంది. మంచి పాట ఏదో పెద్దలు నిర్ణయిస్తారు. పిల్లలు దాన్ని చక్కగా పాడతారు, చదువుతారు, రాస్తారు. రైతుల పాత పాటకు పెట్టిన పీట పట్నపు పాటకు దక్కలేదు. స్వచ్ఛమైన జాతి సంగీతం అనే ఊహలో ఎంత ప్రమాదం పొంచి వుందో 20వ శతాబ్దం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇక పిల్లవాడు తానుగా ఒక సంగీతపు ముక్క కట్టే అవకాశం ఈ పద్ధతిలో చాలా తక్కువ.

ఆ కొరతను పట్టుకున్నది ఇంగ్లండులో జాన్ పేంటర్, పీటర్ ఆస్టన్‌లు. 1970లో వెలువడిన 'ధ్వని, నిశ్శబ్దం' అనే పుస్తకంలో వారు 36 పనులు ఇచ్చారు. పిల్లలు చిన్న జట్లుగా విడిపోయి, తమ చుట్టూ దొరికే ధ్వనులతో తామే సంగీతం కూర్చటం వాటి సారం. బొమ్మ వేయించని చిత్రలేఖన తరగతిని మనం ఒప్పుకోం గదా, సంగీతం కట్టించని సంగీత తరగతిని ఎందుకు ఒప్పుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు లేదు. అయితే చెవికి శిక్షణ లేకుండా స్వేచ్ఛ ఒక్కటే ఇస్తే నెలనాళ్లకు అది బల్లలు బాదటంగా తేలుతుంది. ఇంటి దగ్గర పియానో వున్న పిల్లవాడు అందులోనూ ముందుంటాడు. స్వేచ్ఛ పేరుతో పాత అసమానతే తిరిగి వస్తుంది.

రెండింటినీ కలపటానికి నాకు తోచిన పని ఇది. తరగతిని అయిదుగురేసి జట్లుగా విడదీయాలి. జట్టుకు మూడే స్వరాలు, ఒకటే ఆది తాళం ఆవర్తనం. వారు ఒక వరుస కట్టి, కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని మరొక జట్టుకు ఇవ్వాలి. ఆ జట్టు, ముందు వినకుండా, రాతను చూసి పాడాలి. కట్టినవారు అనుకున్నదీ, పాడినవారు పాడినదీ ఒకటి కాకపోతే లోపం రాతలో వుందో చదవటంలో వుందో రెండు జట్లూ వాదించి తేల్చుకోవాలి. కట్టటం, రాయటం, చదవటం, వినటం - నాలుగూ ఇందులో వున్నాయి. ఎవరి గొంతు బాగుందన్న ప్రశ్న రానే రాదు.

గొంతు మాట వచ్చింది గనక చెబుతున్నాను. పదమూడు, పద్నాలుగేళ్లకు మగపిల్లల గొంతు మారుతుంది. ఇంచుమించు ఒక స్థాయి కిందికి దిగుతుంది. సరిగ్గా అప్పుడే చాలాచోట్ల వాణ్ణి నోరు మూసుకుని నిలబడమంటారు. అలా నిలబడినవాడు జన్మలో మళ్లీ నోరు విప్పడు. ఆ ఏడాది వాడికి కింది షడ్జమ పంచమాల శ్రుతి పట్టే పని ఇవ్వవచ్చు, తాళం ఇవ్వవచ్చు, రాత ఇవ్వవచ్చు. ఉన్నత పాఠశాల సంగీతానికి అసలు పరీక్ష ఈ బొంగురు గొంతు కుర్రవాడే.

మరొక పరీక్ష డప్పు. తరగతిలో మృదంగానికి వున్న గౌరవం డప్పుకు లేదు. దాన్ని చావుకు మోగే వాద్యమని ఈసడించేవారు ఇంకా వున్నారు. డప్పును బడిలోకి తెస్తే చాలదు. తెచ్చి, మాదిగ పిల్లవాడి మెడలోనే వేస్తే వూళ్లో వున్న కులమే బడిలోకి వచ్చినట్టు. సిర్ర, సిటికెన పుల్ల అందరి చేతుల్లోనూ తిరగాలి. మంట దగ్గర కాస్తే తోలు బిగిసి ధ్వని హెచ్చటం అందరూ వినాలి. వాయించటం తెలిసిన పిల్లవాడు ఆ పూట తరగతికి గురువు కావాలి.

ఇక అభ్యుదయ శిబిరం గురించి ఒక మాట. సందేశం మంచిదైతే పాట ఎలా వున్నా ఫరవాలేదనే ధోరణి మనవారిలో కొందరికి వుంది. పిల్లలకు నాలుగు ఉద్యమ గీతాలు నేర్పితే సంగీతం నేర్పినట్టే అనుకుంటారు. 1943 తరవాత ప్రజానాట్యమండలి సాధించిన విజయాన్ని ఇలా అర్థం చేసుకోవటం అన్యాయం. షేక్ నాజర్ బుర్రకథను జనం విన్నది అందులోని విషయం కోసం మాత్రమేనా? కథకుడి అడుగుకూ, తంబురకూ, వంతల గుమ్మెటలకూ మధ్య తప్పని లెక్క వుంది. ఆ లెక్క ఏళ్ల సాధన వల్ల వచ్చింది. పాటను బట్టీపట్టిన పిల్లవాడు ఇవాళ మన పాట పాడతాడు, రేపు ఎవరు ఎక్కువ బిగ్గరగా వినిపిస్తే వారి పాట పాడతాడు. చెవి తెరుచుకున్నవాడు తన పాట తాను కట్టుకోగలడు, ఎదుటివాడి పాటలో మోసాన్ని పసికట్టగలడు.

ప్రభుత్వం సంగతి చూద్దాం. పదో తరగతి దాకా కళల బోధన తప్పనిసరి కావాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోరింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులు నడిపే బడిలో నూరుమందికి మించి పిల్లలుంటే కళావిద్యకు బోధకుడు వుండాలన్నది. ఆ బోధకుడు పార్ట్‌టైమ్ మనిషి. ఎనిమిది దాటిన తరవాత చట్టం పలకదు. పాఠ్య విషయాలకూ పాఠ్యేతర విషయాలకూ మధ్య గోడలుండరాదని 2020 జాతీయ విద్యావిధానం ప్రకటించింది. గోడ తీసేస్తే అవతల కూర్చోవటానికి ఒక ఉపాధ్యాయుడూ, వారానికి రెండు పీరియడ్లూ కావాలి. ఉపాధ్యాయ సంఘాలు జీతాల పక్కన, ఖాళీల పక్కన ఈ కోర్కెను కూడా రాయాలి. పూర్తికాలపు సంగీత ఉపాధ్యాయుడు విలాసమని వారే అనుకుంటే ప్రభుత్వం మరొకలా అనుకోదు.

అంతవరకు చేయదగిన పని లేకపోలేదు. ఈ పత్రిక చదివేవారిలో తెలుగు మాష్టార్లు ఎందరో వున్నారు. వచ్చే వారం ఛందస్సు పాఠం ఎలాగూ చెప్పాలి. నల్లబల్ల మీద గణవిభజన చేసే ముందు ఆ పద్యాన్ని నలభైమంది చేతా చరిపించి చూడండి. ఎవరి చేయి ఎక్కడ తడబడుతున్నదో గమనించండి. పాఠం అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.