ఫైదో కనుమలో గుర్రపుబండి

రాళ్లూ నీళ్లూ తప్ప మనిషన్నవాడు కనిపించని చిత్రంతో మనకేమి పని అని మొన్న తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. ప్రశ్న మంచిదే. కాని అతని ముందున్న చిత్రంలో మనిషి జాడ ఉంది. అతనికి కనబడలేదు, అంతే.

అది డెబ్భైకి చేరువవుతున్న టర్నర్ 1843లో నీటిరంగులతో వేసిన 'ఫైదో కనుమ'. నేడు న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయంలో ఉంది. వెడల్పు సుమారు అడుగున్నర. స్విట్జర్లండులోని గోథార్డ్ పర్వతం నుంచి దిగే టిచీనో నది బండల మధ్యనుంచి మనమీదికే దూకుతున్నట్టుంటుంది. రాయి ఎక్కడ ముగిసిందో, నురుగు ఎక్కడ మొదలైందో చెప్పలేం. రెంటికీ ఒకటే ఊపు.

ఈ చిత్రం వేయించుకున్నది రస్కిన్. గాంధీగారి 'సర్వోదయ'కు మూలమైన పుస్తకం రాసిన ఆ రస్కినే. 1845లో ఆయన స్వయంగా వెళ్లి, ఆ చోట నిలబడి, చిత్రాన్ని పోల్చి చూశాడు. అక్కడి కొండ నాలుగైదు వందల అడుగులకు మించదు. దానిమీది చెట్లే ఆ సంగతి బయటపెడుతున్నాయి. టర్నర్ ఆ చెట్లను తీసేసి కొండను వెయ్యి అడుగులు చేశాడు! అయితే ఇది అబద్ధమా? కాదంటాడు రస్కిన్ 1856లో. మైళ్లకొద్దీ భయంకరమైన లోయలు దాటి వచ్చిన బాటసారి మనసుకు ఆ కొండ అంత ఎత్తుగానే తోస్తుంది. వాస్తవికత అంటే కొలబద్ద అనుకునే మనవాళ్లు ఈ వాదాన్ని రెండుసార్లు చదవాలి.

రస్కిన్‌తో నా పేచీ మరొకచోట. చిత్రంలో చీమంత గుర్రపుబండి ఉంది. నీటికన్నా రాళ్లకన్నా, ఆ దారిన మనిషి రాగలగడమే పెద్ద వింత అని ఆయన గ్రహించాడు. సరిగ్గా అక్కడే ఆగిపోయాడు. ఎలా రాగలిగాడు? 1830 నాటికి బండిబాట పూర్తయింది గనుక. ఆ బాటకోసం రాయి పగలగొట్టిన చేతులు చిత్రంలో లేవు, వ్యాఖ్యానంలోనూ లేవు. టర్నర్ కొండను పెంచింది బండిలో కూర్చున్నవాడి భయంతో. సమ్మెట పట్టినవాడికి అదే కొండ ఎత్తు వేరు, బరువు వేరు. ఇది టర్నర్ మీద నేరారోపణ కాదు. తానున్న చోటినుంచి ఆయన నిజమే చెప్పాడు.

రెండో చూపు అదే లోయలో తర్వాత వచ్చింది. 1872-82 మధ్య గోథార్డ్ కింద 15 కిలోమీటర్ల రైలు సొరంగం తవ్వారు. 1875లో దాని అవతలి కొసన గోషెనెన్‌లో సమ్మె చేసిన కూలీలపై సాయుధదళం కాల్పులు జరిపి నలుగురిని చంపింది. టిచీనో ప్రాంతపు శిల్పి విన్చెంజో వేలా, చనిపోయిన సొరంగం కూలీని తోటివారు మోసుకుపోతున్న శిల్పఫలకం చేసి 1883లో జ్యూరిచ్ ప్రదర్శనలో పెట్టాడు. దాని కంచుప్రతి ఫైదోకు ఎగువన ఐరోలో స్టేషను దగ్గర ఉంది.

ఆ రెంటి ప్రతులనూ పక్కపక్కన పెట్టి ఆ విద్యార్థికి చూపించాను. ఈసారి అతను ముందు బండికోసం వెతికాడు.