నీళ్లలోకి దిగని వాచీలు

ఖరీదైన డైవింగ్ వాచీల మీద వచ్చే సమీక్షలను కొంతకాలంగా ఒక సాహిత్య ప్రక్రియను చదివినట్టు చదువుతున్నాను. వాటికొక స్థిరమైన అచ్చు ఉంది. మొదట లోతు: వంద మీటర్లా, మూడొందలా? తర్వాత ఉక్కు రకం, డయలు వెడల్పు, చీకట్లో ముళ్ల మెరుపు. ఆ తర్వాత ధర. చివర రెండు ప్రశ్నలు: కోటు చేతి కింద ఇముడుతుందా, అయిదేళ్లాగి అమ్మితే ఎంతొస్తుంది? తెలుగులో ఈ రాత ఇంకా పొట్టిది. హీరో చేతికి కొత్త వాచీ కనిపిస్తే చాలు, దాని ధర లక్షల్లోనో కోట్లలోనో శీర్షికకెక్కుతుంది. ఈ రెండు రకాల రాతల్లోనూ ధర ఉంటుంది. ఆ ధర ఎవరు చెల్లించారన్నది మాత్రం ఉండదు. నా పేచీ అక్కడ.

ముందు వస్తువుకి న్యాయం చేద్దాం. డైవింగ్ వాచీ పనిముట్టుగా పుట్టింది. 1953లో బ్లాంక్‌పాన్ 'ఫిఫ్టీ ఫాదమ్స్' వచ్చింది. అదే ఏడాది తయారైన రోలెక్స్ 'సబ్‌మెరీనర్'ని 1954లో బాసెల్ ప్రదర్శనలో చూపించారు. నీటి కింద మనిషి ప్రాణం సిలిండర్‌లో ఉన్న గాలి. దిగి ఎంతసేపయిందో చెప్పడానికే డయలు చుట్టూ తిరిగే ఆ అంచు. ఇప్పటి వాచీల్లో అది ఒకవైపే తిరుగుతుంది. చెయ్యి తగిలి కదిలినా గడిచిన సమయం ఎక్కువగా కనబడాలే తప్ప తక్కువగా కనబడకూడదని అలా చేశారు. ఐఎస్‌ఓ 6425 అనే ప్రమాణం ప్రకారం అది కనీసం వంద మీటర్ల లోతుకి తట్టుకోవాలి, చిమ్మచీకట్లో పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి కనబడాలి. ఇంత ఆలోచన దాగిన వస్తువు అందంగా ఉంటే ఆశ్చర్యం లేదు.

అయితే 1980ల నుంచి ఆ పనిని క్రమంగా డైవింగ్ కంప్యూటర్లు తీసుకున్నాయి. సరదాకి దిగేవాళ్ల హద్దు నలభై మీటర్లు. మూడొందల మీటర్ల వాచీ కట్టుకున్న వాళ్లలో చాలామంది దిగేది ఆఫీసు కుర్చీలోకి. సేకరించేవాళ్లే తమని తాము 'డెస్క్ డైవర్లు' అని చెప్పుకుని నవ్వుకుంటారు. పనిముట్టుకి పని పోయాక మిగిలింది హోదా. హోదా నిలబడాలంటే వెనక ఒక కథ ఉండాలి.

ఆ కథ ఒక స్త్రీ దేహంతో మొదలైంది. 1926లో రోలెక్స్ నీరు చొరని 'ఆయిస్టర్' వాచీని తెచ్చింది. 1927 అక్టోబర్ 7న మెర్సిడిస్ గ్లైట్జ్ అనే లండన్ టైపిస్టు ఇంగ్లిష్ చానల్ ఈదింది. అలా ఈదిన మొదటి బ్రిటిష్ మహిళ ఆవిడే. కొద్దిరోజులకే తానూ ఈదానని ఇంకొక స్త్రీ చెప్పడం, అది బూటకమని తేలడం జరిగాయి. దాంతో అనుమానం గ్లైట్జ్ మీదికీ మళ్లింది. ఒకసారి చేసి చూపించిన పనినే ఆవిడ మళ్లీ రుజువు చేసుకోవాల్సి వచ్చింది. అక్టోబర్ 21న మెడలో ఆయిస్టర్ వేలాడేసుకుని మళ్లీ దిగింది. చలికి గడ్డకట్టే నీళ్లలో పది గంటలకు పైగా ఈది, ఒడ్డు చేరకముందే ఓడిపోయింది. వాచీ మాత్రం ఆగలేదు. నవంబర్ 24న 'డెయిలీ మెయిల్' మొదటి పేజీ మొత్తం ఆ వాచీ ప్రకటనే.

ఈ కథని తిరిగి చెప్పే రాతలు చాలావాటిల్లో రెండు ఈతలూ కలిసిపోయి, వాచీ కట్టుకునే ఆవిడ చానల్ దాటినట్టు వినబడుతుంది. అది చిన్న తప్పు కాదు. అనుమానించినవాళ్లు మాయమైపోతారు, ఆవిడ పడ్డ చలి మాయమైపోతుంది, గెలుపు వాచీ ఖాతాలో పడుతుంది. ఈతలతో సంపాదించిన డబ్బుతో నిరుపేదలకు ఆశ్రయం కల్పించాలన్నది ఆవిడ కోరిక. 1933లో లెస్టర్ పట్టణంలో ఆవిడ పేరుతో ఆ ఇళ్లు మొదలయ్యాయి. ఆ సంగతి చెప్పే వాచీ సమీక్ష నాకింతవరకూ తారసపడలేదు.

నీటిలోకి నిజంగా దిగే ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. కొరియాలోని జెజు దీవిలో హేన్యోలు, వాళ్లలో ముసలివాళ్లు కూడా, గాలి సిలిండర్ లేకుండా పది మీటర్ల లోతుకి దిగి నత్తల్ని ఏరుకొస్తారు. 2016లో యునెస్కో ఆ సంస్కృతిని గుర్తించింది. వాళ్ల గడియారం వాళ్ల ఊపిరే. మన నిజాంపట్నం రేవులో చేపలు పాడుకుని గంపలకెత్తే ఆడవాళ్ల రోజు పడవలు ఎప్పుడొస్తే అప్పుడు మొదలవుతుంది. పోటూ పాటూ తిథిని బట్టి లెక్క. సముద్రంతో ఇంత దగ్గరగా బతికే ఈ చేతుల మీద సముద్రం పేరు చెప్పుకునే వాచీ ఎక్కడా ఉండదు.

మరి ఆ వాచీ మా వైపు ఎవరి చేతికి, ఏ దారిలో చేరుతుంది? తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో దానికి పాత దారి ఒకటుంది. 1961లో బెంగుళూరులో హెచ్‌ఎంటీ వాచీల కర్మాగారం మొదలైంది. అదే 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. రెండూ మన ఇళ్లలో పక్కపక్కనే బతికాయి. కట్నం నేరమైంది, వాచీ అల్లుడి మర్యాద అయింది. సైకిలు, రేడియోల సరసన నిలబడింది. 2016లో హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. మర్యాద మాత్రం మూతపడలేదు, స్విట్జర్లాండ్ దాకా పెరిగింది.

బాపట్ల వైపు మా బంధువులింట్లో జరిగిన ఒక పెళ్లిలో, అలకపాన్పు మీద కూర్చున్న అబ్బాయి ఫోన్లో ఒక డైవింగ్ వాచీ బొమ్మ చూపించాడు. "ఇదొక్కటే మావయ్యా, మూడొందల మీటర్లది" అన్నాడు. "మన సూర్యలంకలో మోకాటి లోతు దాటి వెళ్లనివ్వరు కదా నాన్నా" అంది పిన్ని. అందరూ నవ్వారు. వాచీ వచ్చింది. రొయ్యల చెరువు మీద బాబాయి చేసిన అప్పులో అదీ కలిసింది. 'వరవిక్రయం' 1939లో సినిమాగా వచ్చేనాటికి వరుడి ధర గురించి వీధిలో మాట్లాడటానికి వెరపు లేదు. ఇప్పుడు ఆ ధరని మణికట్టుకి కట్టుకుని, దాన్ని అభిరుచి అంటున్నాం.

చట్టం ఈ సందుని చూడకపోలేదు. అడక్కుండా ఇచ్చిన కానుకల్ని అది మినహాయించింది. కానీ 1985 నిబంధనల ప్రకారం వాటికి జాబితా రాయాలి. వస్తువు క్లుప్త వర్ణన, సుమారు విలువ, ఇచ్చినవాళ్ల పేరు, వాళ్ల బంధుత్వం. వరుడికి వచ్చినవాటి జాబితా వరుడే ఉంచుకోవాలి, వధూవరులిద్దరూ సంతకం చెయ్యాలి. నేను చూసిన పెళ్లిళ్లలో ఏ ఒక్కదాంట్లోనూ ఈ కాగితం రాయలేదు. సమీక్షకులు మొదటి రెండు గడుల్నీ పేజీలకొద్దీ నింపుతారు. మిగతా రెండూ ఖాళీ. విమర్శకురాలిగా నాకు ఆ ఖాళీ గడులే ముఖ్యం.

వాచీ పెట్టుబడి అని వాదించేవాళ్లున్నారు. 2022 దాకా పాత సరుకు ధరలు ఎగిరి, ఆపైన దిగినప్పుడు ఆ వాదన కాస్త తగ్గింది. ఈ అభిరుచి లోకంలో బాగా చెల్లే జోకు ఒకటి: కొన్న ధర భార్యకి తెలియకూడదు. మన ఇళ్లలో కష్టం వస్తే మొదట తాకట్టుకెళ్లేది ఆవిడ మెడలోది. దాని తూకం అందరికీ తెలుసు. ఆయన చేతిది మాత్రం రహస్యం. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1985 నుంచే వర్తించేలా చట్టం చేసిన రాష్ట్రం మనది. అయినా "ఇది నా కొడుక్కి" అని వాచీ చూపించే తండ్రుల్నే ఎక్కువగా చూశాను.

తన జీతంతో పెద్ద డైవింగ్ వాచీ కొనుక్కుని కట్టుకునే అమ్మాయిలున్నారు, మంచిదే. చేతి గడియారం యూరప్‌లో మొదట ఆడవాళ్ల నగ. మొదటి ప్రపంచయుద్ధం తర్వాతే అది మగవాళ్ల చేతికి గట్టిగా అతుక్కుంది. కాబట్టి ఈ అమ్మాయిలు ఎవరి వస్తువునీ అరువు తెచ్చుకోవడం లేదు. వాళ్ల విషయంలో మూడో గడిలో రాయాల్సింది వాళ్ల పేరే.

వాచీల మీద రాయొద్దని నేననడం లేదు. రాసేవాళ్లు లోతు, ఉక్కు, ధర తర్వాత ఇంకొక్క వాక్యం రాయాలి: ఇది ఎవరిచ్చారు, ఏమవుతారు. ఆ వాక్యం రాయడానికి ఇబ్బందిగా ఉన్న వాచీకి ఎన్ని మీటర్ల లోతు ఉంటే మాత్రం ఏం లాభం?