బీడీ లేని ఎనిమిది గంటలు

బొగ్గుబాయిలోకి దిగే ముందు గోదావరిఖని కార్మికుడు ల్యాంప్‌రూమ్‌లో క్యాపుల్యాంపు తీసుకుంటాడు. బీడీకట్ట, అగ్గిపెట్టె పైనే వదిలేస్తాడు. మరిచిపోయి జేబులో ఉంచుకుంటే గని ముఖం దగ్గర తనిఖీలో బయటపడతాయి. బొగ్గు పొరల్లోంచి ఊరే మీథేన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే భూగర్భ గనిలో పొగ తాగడమే కాదు, అగ్గిపెట్టె పట్టుకెళ్లడం కూడా నిషేధం. పైన ఉంటే గంటకో బీడీ వెలిగించే మనిషి లోపల షిఫ్టంతా ఒక్కటీ ముట్టకుండా పనిచేసి వస్తాడు. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తిన కాలం నుంచీ ఇది జరుగుతున్నదే. దీన్ని ఎవరూ చికిత్స అనలేదు.

ఒక్క సిట్టింగ్‌లో సిగరెట్ మాన్పిస్తామనీ, ఆకలి తగ్గించి బరువు దింపుతామనీ హిప్నోథెరపీ ప్రకటనలు కనిపించినప్పుడల్లా నాకు ఆ తనిఖీయే గుర్తొస్తుంది. ఒకటి మనసుకు చెప్పే మాట, ఇంకొకటి జేబు తడిమే చెయ్యి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనకు పనికొచ్చేది కొంత దొరుకుతుంది.

తెలుగువాళ్లకు హిప్నాటిజం ఎక్కువగా స్టేజీ మీదుగానే పరిచయం. 2025 జూన్ 30న కన్నుమూసిన బి.వి. పట్టాభిరాం గారు ఇంద్రజాలికుడు, హిప్నాటిస్టు, మనస్తత్వ నిపుణుడు కూడా. ఈ మూడూ ఒకే మనిషిలో చూసిన మనకు వాటి మధ్య గట్లు చెరిగిపోయాయి. హిప్నాటిస్టు చెప్పినట్టు వినక తప్పదన్న నమ్మకం ఇంకా బలంగా ఉంది. చికిత్సలో వాడే హిప్నాసిస్ అలాంటిది కాదు, నిద్ర అంతకన్నా కాదు. ఒంటిని సడలించి, ఒకే విషయం మీద దృష్టి నిలిపి, ఒక మాటను లోపలికి తీసుకోవడం. న్యూయార్క్ సైకియాట్రిస్టు హెర్బర్ట్ స్పీగల్ 1970లో ప్రచురించిన ఒక్క సిట్టింగ్ పద్ధతి సారం ఇంతే: పొగ నీ ఒంటికి విషం, బతకాలంటే ఒళ్లు కావాలి, దాన్ని కాపాడుకోవలసింది నువ్వే. ఆ మాటను తర్వాత రోజూ తనకు తానే చెప్పుకోవాలి. 615 మందిలో ఆరు నెలల తర్వాత కూడా మానేసి ఉన్నామని చెప్పినవాళ్లు దాదాపు 20 శాతం. 1993లో ఆయన కుమారుడు డేవిడ్ స్పీగల్ బృందం 226 మందిని గమనించింది. వారానికి 52 శాతం నిలబడ్డారు, రెండేళ్లకు 23 శాతం మిగిలారు.

ఇవి తీసిపారేసే అంకెలు కావు. అయితే ఆ రెండు లెక్కల్లోనూ పోల్చి చూడటానికి హిప్నాసిస్ లేని మరో గుంపు లేదు. అలాంటి గుంపులు ఉన్న 14 అధ్యయనాలను, 1926 మందిని కలిపి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2019లో పరిశీలించారు. మామూలు కౌన్సెలింగ్ కన్నా, ఏ సాయమూ లేకుండా మానుకోవడం కన్నా హిప్నాసిస్ మెరుగు అనడానికి ఆధారాలు చాలవని తేల్చారు. నికోటిన్ గమ్, ప్యాచ్‌ల వంటివి మానేసే అవకాశాన్ని 50 నుంచి 60 శాతం పెంచుతాయని 2018లో కోక్రేన్‌దే మరో సమీక్ష చెప్పింది. ఒక్క సిట్టింగ్ అని ఫీజు తీసుకునేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోవడం తప్పని నా అభిప్రాయం.

మరి తనిఖీ సంగతి? ఇక్కడ ఇజ్రాయెల్ పరిశోధన ఒకటి నన్ను కట్టిపడేసింది. పొగ తాగే విమాన సిబ్బంది మీద రూవెన్ దార్ బృందం చేసిన ఆ పని 2010లో అచ్చయింది. మూడు నుంచి అయిదున్నర గంటల ప్రయాణంలో, పది గంటలు దాటిన ప్రయాణంలో పొగ తాగాలన్న తలపు ఎంత గట్టిగా ఉందని మధ్యమధ్య అడిగారు. చిన్న ప్రయాణం ముగిసేటప్పుడు తలపు బాగా పెరిగింది. పెద్ద ప్రయాణంలో అన్నే గంటలు గడిచినా అంత లేదు, అది కూడా దిగబోయే ముందే పెరిగింది. తాగి ఎంతసేపయిందన్నదానికన్నా, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందన్నదే తలపును నడిపిస్తోందన్నమాట. బాయి కార్మికుడికి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పని మధ్యలో గుర్తుకు రాని బీడీ, షిఫ్టు అయిపోయి పైకి వచ్చే దారిలో గుర్తొస్తుంది.

తనిఖీ గొప్పతనం అదే, దాని లోపమూ అక్కడే ఉంది. దొరకదని తెలిసిన చోట మనసు అడగడం తగ్గిస్తుంది. కానీ ఆ నిషేధం గడువు ఎనిమిది గంటలు. పైగా అది కాపాడేది గనిని. ఖైనీకి నిప్పు అక్కర్లేదు కనుక పెదవి కింద తంబాకు పెట్టుకుని దిగేవాళ్లు ఉంటారు. బొగ్గుదుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు షిఫ్టు తర్వాత పొగ తోడవుతుంది, దవడకు తంబాకు. నిప్పు ఆగిందే తప్ప నికోటిన్ ఆగలేదు.

ఈ రెంటి పక్కన అయ్యప్ప మాలను కూడా పెట్టకపోతే పోలిక సగమే అవుతుంది. 41 రోజుల దీక్షలో సిగరెట్ లేదు, మందు లేదు, తిండికీ కట్టుబాటు ఉంటుంది. హిప్నాటిస్టు కుర్చీలో మాట ఒక్కడి తలలో ఉంటుంది. దీక్షలో అది నల్లబట్టగా ఒంటి మీద ఉంటుంది. ఇంట్లోవాళ్లు, షాపువాడు, తోటి కార్మికుడు అందరూ ‘స్వామి’ అని పిలిచి దాన్ని నిలబెడతారు. స్వామికి బీడీ ఇవ్వడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఇంత బలమైన ఏర్పాటు ఏ క్లినిక్‌లోనూ లేదు. అయినా ఇరుముడి దించి మాల తీశాక చాలామందికి పాత అలవాటు తిరిగొస్తుంది, ఎందుకంటే ఆ రోజు ఎప్పుడో మొదటినుంచీ తెలుసు.

హిప్నాసిస్‌కు నేనిచ్చే విలువ ఇక్కడే. అది గడువు పెట్టదు. వాయిదా వేసుకున్నవాడిగా కాకుండా, తాగనివాడిగా తన్ను తాను ఊహించుకోమంటుంది. ఒంటరిగా అది నిలబడదు, నిజమే. తనిఖీకీ మాలకూ లేనిది మాత్రం దాని దగ్గర ఉంది.

బరువు విషయంలో ఈ పోలిక సాగదు, ఎందుకంటే అన్నానికి తనిఖీ లేదు. తట్టతో బొగ్గెత్తిన ఒళ్లు తిన్నదంతా కరిగించేది. ఇప్పుడు ఆ పని యంత్రాలది, ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపే మనిషిది షిఫ్టంతా కూర్చునే పని. నైట్ షిఫ్టు నిద్రనూ ఆకలినీ తలకిందులు చేస్తుంది. అలవాట్లను మార్చే చికిత్సకు హిప్నాసిస్ తోడైతే ఫలితం బాగా పెరుగుతుందని 1995లో ఇర్వింగ్ కిర్ష్ బృందం రాసింది. 1996లో ఆలిసన్, ఫెయిత్ అనే పరిశోధకులు అదే లెక్కను మళ్లీ వేసి తప్పులు సరిచేశారు. 1.96గా వేసిన ప్రభావపు కొలత 0.26కు దిగింది. సందేహం ఉన్న ఒక అధ్యయనాన్ని పక్కనపెడితే మిగిలింది 0.21, అది లెక్కలోకి తీసుకోదగ్గంత కూడా కాదు. కిర్ష్ మరిన్ని వివరాలతో జవాబిచ్చాడు: హిప్నాసిస్ లేకుండా సగటున 2.7 కిలోలు, దానితో 5.4 కిలోలు తగ్గారని. ఆ పెద్ద అంకెనే నమ్మినా, అది మిగతా చికిత్సతో కలిసి వచ్చిన తగ్గుదల.

సింగరేణి కార్మికులకు కొన్నేళ్లకోసారి తప్పనిసరి వైద్య పరీక్ష ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. మానేయాలన్న మాట డాక్టరు అక్కడ చెప్పవచ్చు. కానీ సాయం ఉండవలసిన సిసలు చోటు ల్యాంప్‌రూమ్ అని నాకు అనిపిస్తుంది. క్యాపుల్యాంపు తిరిగి ఇచ్చి, పొద్దున వదిలిన అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచే ఆ పది నిమిషాల్లో తలపు అన్నిటికన్నా పదునుగా ఉంటుంది. నికోటిన్ గమ్ పట్టుకుని ఒక మనిషి నిలబడాలంటే అక్కడే నిలబడాలి.